మారవిచ్ 3,667 పాయింట్లు: గొప్ప రికార్డా, నాన్న ఇచ్చిన లైసెన్సా?

గుంటూరు_గోపి
అన్నలూ అక్కలూ, ఒక డౌటు. మొన్న అయోవా కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడిన కైట్లిన్ క్లార్క్ పాత వీడియోలు చూస్తూ కూర్చున్నా. 2024 మార్చి 3న ఒహాయో స్టేట్ మీద ఆడుతూ, పీట్ మారవిచ్ అనే ఆయన పేరు మీదున్న 3,667 పాయింట్ల కాలేజీ రికార్డు దాటేసింది. 1970 నుంచీ డివిజన్ వన్‌లో, అంటే పెద్ద కాలేజీల స్థాయిలో, ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలు నడిపే సంఘం) లెక్కల్లో మగాళ్లలో గానీ ఆడవాళ్లలో గానీ ఒక్కరూ దాటలేదట. సరే ఎవరీయన అని చూస్తే ఆడింది మూడేళ్లు, 83 మ్యాచ్‌లు, సగటు 44.2! ఇదేదో అచ్చుతప్పు అనుకున్నా. మన గ్రూపుల్లో జోర్డాన్, కోబీ, లెబ్రాన్, కర్రీ, అక్కడితో లిస్టు అయిపోతుంది. ఈయన పేరెత్తినవాడే లేడు. తెలిసినవాళ్లు కాస్త విప్పి చెప్పండి.

లెక్కలరాజు
అచ్చుతప్పు కాదు గోపీ. లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) తరఫున ఆడాడు. ఏడాదివారీగా చూసుకో.

1967-68లో 26 మ్యాచ్‌లు, 1,138 పాయింట్లు. 1968-69లో 26 మ్యాచ్‌లు, 1,148. 1969-70లో 31 మ్యాచ్‌లు, 1,381. కలిపితే 3,667. సగటు 43.8, 44.2, 44.5. అంటే మూడేళ్లూ ఒకటే స్థాయి, ఏదో ఒక సీజన్ గాలివాటం కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ రోజుల్లో మూడు పాయింట్ల గీతే లేదు. ఎన్‌సీఏఏ అంతటా అది వచ్చింది 1986-87లో. ఎంత దూరం నుంచి వేసినా రెండే. షాట్ క్లాక్ (ఇన్ని సెకన్లలోపు షాటు వేయాలన్న గడియారం) కూడా లేదు, మగవాళ్ల కాలేజీ ఆటలో అది 1985-86లో వచ్చింది. లీడ్‌లో ఉన్న టీం బంతి పట్టుకుని పాసులిచ్చుకుంటూ కాలం గడిపేయొచ్చు. పైగా మొదటి ఏడాది కుర్రాళ్లని అసలు టీంలోకి రానిచ్చేవాళ్లు కాదు, ఫ్రెష్‌మన్ టీం వేరే. ఆ టీంలో కూడా మనోడు సగటున 43 పైనే కొట్టాడు, అవి ఏ లెక్కలోకీ రావు. ఫ్రెష్‌మన్‌లని ఆడనివ్వడం 1972-73 నుంచి మొదలైంది.

కరీంనగర్_శ్రీను
రాజన్నా, లెక్కలు చెప్తే పూర్తిగ చెప్పాలె. మనోడు ఏసిన షాట్లు ఎన్ని? 3,166. పడ్డయి 1,387. అంటే మ్యాచ్‌కు 38 షాట్లు! నూటికి 44 గూడ పడలే. టీంల మిగిలిన నలుగురు ఏం జేసిన్రు, చప్పట్లు కొట్టిన్రా?

ఇగ టీం సంగతి. గెలుపు-ఓటములు 14-12, 13-13, 22-10. మూడేండ్లల్ల ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొఖం చూడలే. కోచ్ ఎవలు? సొంత నాయిన. వేరే కోచ్ అయితే పదో షాటుకే బెంచీ మీద కూసోబెడుతుండె. నా దృష్టిల ఇది నాయిన ఇచ్చిన లైసెన్స్. రికార్డు రికార్డే, కాదంటలేను. గొప్ప అంటేనే నాకు పంచాయితీ.

హూప్స్_హర్ష
+1 శ్రీనన్న. అప్పుడు డిఫెన్స్ ఎవడు ఆడాడు చెప్పండి.

లెక్కలరాజు
శ్రీనూ, ఒక్కటి మాత్రం సరిగా చూడు. ఆ రోజుల్లో ఎన్‌సీఏఏ టోర్నీకి ఒక్కో కాన్ఫరెన్స్ (కలిసి లీగ్ ఆడుకునే కాలేజీల గుంపు) నుంచి ఒక్క టీమే వెళ్లేది, ఛాంపియన్ ఒక్కటే. ఆ మూడేళ్లూ వాళ్ల కాన్ఫరెన్స్‌లో ఛాంపియన్ కెంటకీ. కోచ్ అడాల్ఫ్ రప్, సెంటర్ స్థానంలో ఆడేది డాన్ ఇస్సెల్. ఇప్పుడైతే ఆ 22-10 టీం గురించి కనీసం లోపలా బయటా అని చర్చ జరిగేది. అప్పుడు చర్చే లేదు.

ఇంకోటి. వాళ్ల నాన్న వచ్చిన మొదటి ఏడాది, అంటే పీట్ ఇంకా ఫ్రెష్‌మన్ టీంలో ఉన్నప్పుడు, అసలు టీం ఫలితం 3 గెలుపులు, 23 ఓటములు. 3-23 టీంని ఒక పిల్లాడు వచ్చి 14-12 చేశాడంటే మిగతా నలుగురి స్థాయి ఏంటో నువ్వే ఊహించుకో.

కరీంనగర్_శ్రీను
కెంటకీ పేరు నువ్వే తెచ్చినవ్ గదా అన్నా. కెంటకీ మీద ఆరు మ్యాచ్‌లు ఆడిండు. సగటు 52. ఆరుకు ఆరు ఓడిన్రు. గిదే నేను జెప్పేది.

లెక్కలరాజు
ఒప్పుకుంటా, అది మింగుడుపడని లెక్కే. 1970 ఫిబ్రవరిలో మనోడు 64 కొట్టాడు, అవతల ఇస్సెల్ 51 కొట్టాడు, కెంటకీ 121-105తో గెలిచింది. దానికి రెండు వారాల ముందు అలబామా మీద 69. అది ఆయన కాలేజీ కెరీర్‌లో అత్యధికం. 57 షాట్లు వేసి 26 దించాడు, ఫ్రీ త్రోలు 21కి 17. అదీ ఓటమే, 106-104.

పాత_పీఈటీ
నమస్తే అందరికీ. నేను హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. గోపీ బాబు అడిగినది చూశాక రాయకుండా ఉండలేకపోతున్నా. మీరంతా పాయింట్ల దగ్గరే ఆగిపోయారు. నాకు ఆసక్తి ఆ పిల్లాడు అలా ఎలా తయారయ్యాడన్నది.

తండ్రి పేరు ప్రెస్ మారవిచ్. పెన్సిల్వేనియాలో అలిక్విప్పా అని ఉక్కు కార్మికుల ఊరు. సెర్బియా నుంచి వలస వచ్చిన కుటుంబం. ఆ ఊళ్లో మగపిల్లాడికి దారి ఒక్కటే, ఉక్కు మిల్లు. ప్రెస్ బాస్కెట్‌బాల్ పట్టుకుని బయటపడ్డాడు. యంగ్‌స్టౌన్, పిట్స్‌బర్గ్ టీంలకి కొంతకాలం డబ్బులకి ఆడాడు, తర్వాత కోచ్ అయ్యాడు. క్లెమ్సన్, నార్త్ కరోలినా స్టేట్, ఆ తర్వాత లూసియానా స్టేట్. తను చేరలేని చోటికి కొడుకుని చేర్చాలని పట్టుబట్టిన మనిషి. మన ఊళ్లలో ఐఐటీ ఫౌండేషన్ కోర్సుకని ఆరో తరగతిలోనే పిల్లల్ని హాస్టల్లో పడేసే నాన్నలు ఉన్నారే, ఆ జాతి. కాకపోతే ఈయన సిలబస్సు మొత్తం ఒక బంతి.

ఆ సిలబస్సు చూడండి. కళ్లకి గంతలు కట్టుకుని డ్రిబుల్ చేయడం. సినిమాకి వెళితే నడవ పక్క సీట్లో కూర్చుని సినిమా అయ్యేదాకా నడవలో బంతి కొట్టడం. అన్నిటికంటే నాకు నచ్చింది కారు. తండ్రి కారు నడుపుతుంటే, పిల్లాడు కిటికీలోంచి బయటికి వాలి రోడ్డు మీద బంతి కొడుతూ పోవాలి. తండ్రి వేగం పెంచుతాడు, తగ్గిస్తాడు. దానికి తగ్గట్టు బంతి పడే చోటు మారాలి. డ్రిబుల్ నేర్పిన వాడిగా చెబుతున్నా, ఇది సర్కస్ కాదు. నిలబడి కొట్టే డ్రిబుల్లో బంతి తిన్నగా చేతికొస్తుంది. మనిషి కదిలే వేగం మారినప్పుడు బంతిని ఎంత ముందుకి తోయాలన్నది మణికట్టుకి తెలియాలి, కళ్లకి కాదు. మన పిల్లలు బంతి వైపు చూస్తూ డ్రిబుల్ చేస్తారు, తల ఎత్తమంటే బంతి వదిలేస్తారు. ఈ కారు పద్ధతిలో తల ఎత్తక తప్పదు. అలాగని ఎవరూ పిల్లల్ని కారు కిటికీలోంచి వేలాడదీయకండి.

ఇతన్ని అందరూ పిలిచే 'పిస్టల్' అనే ముద్దుపేరు కూడా చిన్నప్పటిదే. చేతుల్లో బలం చాలక బంతిని నడుం పక్కనుంచి ఎత్తి వేసేవాడు, తుపాకీ తీసి కాల్చినట్టు. అదే పేరు చచ్చేదాకా ఉండిపోయింది.

శ్రీను గారూ, నాన్న లైసెన్స్ అన్నారు. నిజమే. కానీ ఆ లైసెన్స్‌కి పిల్లాడు కట్టిన ఫీజు కూడా చూడాలి. అతనికి వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీకి వెళ్లాలని ఉండేది. నాన్న లూసియానాలో ఉద్యోగం ఒప్పుకుని కొడుకుని తన వెంట లాక్కెళ్లాడు. ఆడుకునే వయసులో ఆడుకోవడం తప్ప ఏమీ చేయనివ్వకపోతే ఏమవుతుందో, ఆ మనిషి తర్వాతి జీవితం చూస్తే తెలుస్తుంది. తాగుడు కాలేజీలోనే మొదలైంది.

బేటన్‌రూజ్_కిరణ్
మాస్టారూ దండం. నేను ఎల్ఎస్‌యూలో మాస్టర్స్ చేశాను, ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉద్యోగం. ఇక్కడి సంగతులు కొన్ని.

మారవిచ్ ఆడిన హాలు ఇంకా క్యాంపస్‌లో ఉంది, పార్కర్ కొలీజియం. దాని అసలు పేరు అగ్రికల్చరల్ కొలీజియం. పశువుల ప్రదర్శనలు, గుర్రాల రోడియోలు జరగడానికి కట్టింది. జనం ముద్దుపేరు 'కౌ ప్యాలెస్'. గిత్తలు తిరిగిన మట్టి మీద చెక్క కోర్టు పరిచి ఆడేవాళ్లు. లూసియానాలో అప్పుడూ ఇప్పుడూ ఫుట్‌బాల్ అంటేనే పిచ్చి, బాస్కెట్‌బాల్ చలికాలంలో కాలక్షేపం. అలాంటి చోట ఈయన ఫ్రెష్‌మన్ టీంలో ఉన్నప్పుడే హాలు నిండేదట. ఆ మ్యాచ్ కాగానే సగం జనం లేచి వెళ్లిపోయేవాళ్లట, తర్వాత ఆడే అసలు టీంని చూడకుండా. ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు.

ఆ జనాన్ని చూసే కొత్త హాలు కట్టారని అంటారు. అది 1972లో తెరుచుకునేసరికి ఆయన వెళ్లిపోయి రెండేళ్లు. అందులో ఆయన ఎల్ఎస్‌యూ తరఫున ఒక్క మ్యాచ్ ఆడలేదు, కానీ చనిపోయాక 1988లో ఆయన పేరే పెట్టారు. పీట్ మారవిచ్ అసెంబ్లీ సెంటర్. స్టూడెంట్లు 'పీమ్యాక్' అంటారు. ఎదురుగా మైక్ ఉంటాడు. మైక్ అంటే యూనివర్సిటీ పెంచే నిజం పులి. అవతల ఫుట్‌బాల్ స్టేడియం. విగ్రహం మాత్రం 2022 దాకా పెట్టలేదు. ఇక్కడే ఆడిన తర్వాతి తరం స్టార్ షకీల్ ఓనీల్ విగ్రహం అప్పటికే పదకొండేళ్లుగా ఉంది. కారణం ఏమంటే, డిగ్రీ పూర్తిచేయని వాడికి విగ్రహం పెట్టకూడదన్న నిబంధన అడ్డమొచ్చిందని ఇక్కడ అందరూ చెప్పుకునే మాట.

గుంటూరు_గోపి
పులా?! కిరణ్ అన్నా ఫోటో పెట్టు.

బేటన్‌రూజ్_కిరణ్
వేరే థ్రెడ్‌లో పెడతా, ఇక్కడ పెడితే అందరూ పులి మీదకే వెళ్లిపోతారు.

సుధ_డెమోయిన్
లేటుగా వచ్చాను, సారీ. నేనుండేది అయోవాలో. డెమోయిన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. కైట్లిన్ ఈ ఊరి పిల్ల. 2024 చలికాలంలో మా ఆఫీసులో క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియని తెలుగు మగాళ్లు కూడా 'నిన్న ఎన్ని కొట్టింది' అని అడిగేవాళ్లు.

గోపి గారు చెప్పిన మార్చి 3 మ్యాచ్‌లో రికార్డు ఎలా దాటిందో తెలుసా? ఆమె ట్రేడ్‌మార్క్ అయిన ముప్పై అడుగుల షాటు కాదు. హాఫ్‌టైమ్‌కి క్షణం ముందు, అవతలి టీం మీద టెక్నికల్ ఫౌల్ పడితే, ఒంటరిగా గీత దగ్గర నిలబడి ఫ్రీ త్రోతో. దానికి ముందు ఫిబ్రవరి 15న కెల్సీ ప్లమ్ పేరు మీదున్న ఆడవాళ్ల రికార్డు దాటినప్పుడు మాత్రం కోర్టు మధ్యలో ఉండే లోగో దగ్గర్నుంచి కొట్టింది. సినిమా అయితే ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు.

ఇక పోలిక. కైట్లిన్ చివరికి 3,951 దగ్గర ఆగింది, 139 మ్యాచ్‌లు, నాలుగేళ్లు. 548 త్రీలు. మారవిచ్ 83 మ్యాచ్‌లు, త్రీలు సున్నా. కాబట్టి ఆమె 'దాటేసింది' అన్న మాట మీద మగాళ్ల ఫోరంలలో ఎంత ఏడుపు ఏడ్చారో నాకు తెలుసు. ఆమె స్వయంగా ఎక్కడా ఆయనకంటే గొప్ప అనలేదు. మగ, ఆడ రికార్డులు పక్కపక్కన పెట్టిందే టీవీ వాళ్లు.

కానీ నాకు మండేది వేరే. ఈ లెక్క ప్రకారమే చూసినా, మధ్యలో ఇద్దరు ఆడవాళ్లని ఎందుకు మింగేశారు? కాన్సస్‌లో ఆడిన లినెట్ వుడార్డ్, 3,649 పాయింట్లు, 1978 నుంచి 1981 దాకా. మారవిచ్‌కి పద్దెనిమిది పాయింట్ల దూరం. ఆమెకీ త్రీ గీత లేదు. సౌత్ కరోలినాలో ఫ్రాన్సిస్ మారియన్ అనే చిన్న కాలేజీలో ఆడిన పెర్ల్ మూర్, అంతకుముందు జూనియర్ కాలేజీలో కొట్టిన 177 కూడా కలిపి 4,061 పాయింట్లు, 1979లోనే. ఈ మొత్తం లిస్టులో అందరికంటే పైన! కానీ అప్పట్లో ఆడపిల్లల ఆటని ఎన్‌సీఏఏ పట్టించుకోలేదు, ఏఐఏడబ్ల్యూ అని వేరే సంఘం నడిపేది. 1981-82లో ఎన్‌సీఏఏ ఆడవాళ్ల టోర్నీ మొదలుపెట్టింది, పాత లెక్కలు మాత్రం తన పుస్తకంలోకి ఎక్కించుకోలేదు. గోపి గారు మొదటి పోస్టులో 'ఎన్‌సీఏఏ లెక్కల్లో' అన్నారు కాబట్టి బతికిపోయారు.

హూప్స్_హర్ష
అక్కా మాస్. నాకు పెర్ల్ మూర్ పేరే తెలియదు.

కరీంనగర్_శ్రీను
సుధక్కా, మంచిగ జెప్పినవ్. నేను గూడ ఒకటి అడుగుత. లెక్కలు పుస్తకంల ఎక్కని వాళ్ల గురించి మాట్లాడుతున్నం గదా, కోర్టు మీదికే రానియ్యని వాళ్ల సంగతేంది? మారవిచ్ ఆడిన కాన్ఫరెన్స్ అమెరికా దక్షిణాది. ఆ కాన్ఫరెన్స్‌ల మొట్టమొదటి నల్లజాతి బాస్కెట్‌బాల్ ఆటగాడు పెర్రీ వాలెస్, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున, 1967-68ల దిగిండు. సరిగ్గ మారవిచ్ మొదటి సీజన్. అంటే మనోడు 3,667 కొట్టిన మూడేండ్లు ఆ కాన్ఫరెన్స్‌ల దాదాపు అందరు తెల్లోళ్లే. హర్ష డిఫెన్స్ అంటుండు, డిఫెన్స్ ఆడగలిగినోళ్లను గేటు బయట నిలబెట్టిన్రు. అది మారవిచ్ తప్పు గాదు. కానీ 44.2 పక్కన ఆ ముచ్చట గూడ రాయాలె.

పాత_పీఈటీ
రాయాల్సిందే. దీని పక్కన ఇంకొక్క వాక్యం కూడా చేర్చండి. ఎల్ఎస్‌యూ బాస్కెట్‌బాల్ టీంలోకి వచ్చిన మొదటి నల్లజాతి కుర్రాడు కోలిస్ టెంపుల్, 1971లో. తీసుకొచ్చిన కోచ్ ప్రెస్ మారవిచ్చే, కొడుకు వెళ్లిపోయాక.

ఇంకోమాట. తర్వాత ఎన్‌బీఏ (డబ్బులకి ఆడే పెద్ద లీగ్)లో డిఫెన్స్ ఆడే నల్లజాతి గార్డులందరి మీదా ఇతను ఆడాడు. 1976-77లో మ్యాచ్‌కి 31.1తో లీగ్‌లో మొదటి స్థానం. న్యూయార్క్ మీద ఒక రాత్రి 68. కాబట్టి గేటు తెరిచి ఉన్నా పాయింట్లు పడేవనే నా నమ్మకం. 44 పడేవా అంటే, అది వేరే సంగతి.

లెక్కలరాజు
ఎల్ఎస్‌యూలో తర్వాత కోచ్‌గా చేసిన డేల్ బ్రౌన్ అని ఒకాయన పాత షాట్ల లెక్కలు తీసి, ఇప్పటి త్రీ గీత ఉంటే సగటు 57 అయ్యేదని చెప్పేవాడు. నేను దాన్ని పూర్తిగా నమ్మను. గీత ఉంటే డిఫెన్స్ కూడా అక్కడికే వచ్చి నిలబడుతుంది కదా. కానీ చిన్న ఆధారం ఒకటుంది. ఎన్‌బీఏలో త్రీ గీత వచ్చింది 1979-80లో, అదే ఆయన చివరి సీజన్. మోకాలు పోయి, సగం మనిషై బోస్టన్ బెంచీ మీద కూర్చున్న ఏడాది. ఆ సీజన్‌లో వేసిన త్రీలు 15, పడినవి 10. పదిహేనుతో ఏదీ రుజువు కాదు, చూడ్డానికి మాత్రం బావుంటుంది.

మీరెవరూ ఎత్తని మనిషి ఇంకొకడున్నాడు. అంట్వాన్ డేవిస్, డెట్రాయిట్ మెర్సీ కాలేజీ. 2023లో మారవిచ్‌ని దాటడానికి వచ్చినవాడు. కరోనా వల్ల ఎన్‌సీఏఏ అందరికీ ఒక ఏడాది అదనంగా ఇచ్చింది, అందువల్ల ఐదో సీజన్ ఆడాడు. 144 మ్యాచ్‌లు, 588 త్రీలు. ఇతని కోచ్ ఎవరనుకున్నారు? సొంత నాన్న, మైక్ డేవిస్! శ్రీనూ, నీ లైసెన్స్ థియరీకి ఇదిగో రెండో కేసు.

కాన్ఫరెన్స్ టోర్నీ క్వార్టర్ ఫైనల్, యంగ్‌స్టౌన్ స్టేట్ మీద. 25 కొడితే సమానం, 26 కొడితే రికార్డు. ఆ ముందు వరకూ అతని సగటు అంతకంటే ఎక్కువే. ఆ రాత్రి 22 దగ్గర ఆగిపోయాడు. చివర్లో వేసిన షాట్లు పడలేదు, టీం 71-66తో ఓడింది. మొత్తం 3,664. మూడు పాయింట్లు తక్కువ, అంటే ఒక్క త్రీ. ఏదైనా చిన్న టోర్నీకి పిలుస్తారేమోనని ఎదురుచూశారు, 14-19 టీంని ఎవరూ పిలవలేదు. మాస్టారు పైన చెప్పారు, ప్రెస్ మారవిచ్ ఒకప్పుడు డబ్బులకి ఆడింది యంగ్‌స్టౌన్‌కే. ఆ ఊరే కొడుకు రికార్డు కాపాడినట్టయింది, ఇంకో ఏడాదిపాటు.

కరీంనగర్_శ్రీను
గీ కథ నాకు తెల్వదు. ఇంత దగ్గరికొచ్చి... పాపం పోరడు. అయినా అరవై ఒక్క మ్యాచ్ ఎక్కువ ఆడి గూడ దాటలేకపోయిండంటే, మారవిచ్ లెక్క గట్టిదే అనిపిస్తది. లైసెన్స్ మాట మాత్రం వాపస్ తీసుకోను.

గుంటూరు_గోపి
మాస్టారూ, 'తర్వాతి జీవితం' అని ఊరికే వదిలేశారు. కాలేజీ తర్వాత ఏమైంది?

పాత_పీఈటీ
క్లుప్తంగా చెబుతా బాబూ. ఎన్‌బీఏ టీంలు కాలేజీ కుర్రాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1970లో మూడో పిలుపు, అట్లాంటా టీంకి. అప్పట్లో కళ్లు తిరిగే కాంట్రాక్టు, దాదాపు 19 లక్షల డాలర్లు. టీంలో సీనియర్లకి అది గిట్టలేదు. 1974లో న్యూ ఓర్లీన్స్ కొత్త టీంకి వచ్చాడు, మళ్లీ లూసియానా. అదే ఏడాది తల్లి ఆత్మహత్య చేసుకుంది. 1978 జనవరిలో గాల్లోకి ఎగిరి కాళ్ల మధ్యనుంచి పాస్ ఇచ్చి దిగుతూ మోకాలు పోగొట్టుకున్నాడు. తన ఆట ఏదో, దాని వల్లే. 1980లో మానేశాడు. తర్వాత రెండేళ్లు మనుషులకి దూరంగా, ఆ పైన దైవచింతనలో పడ్డాడు. తాగుడు మానేశాడు. 1987 ఏప్రిల్‌లో తండ్రి క్యాన్సర్‌తో పోయాడు. ఆఖరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నది ఈ కొడుకే. అదే ఏడాది హాల్ ఆఫ్ ఫేమ్ (బాస్కెట్‌బాల్ గొప్పవాళ్ల గౌరవ జాబితా)లో చోటు.

1988 జనవరి 5. కాలిఫోర్నియాలో పాసడీనా, ఒక చర్చి జిమ్. సరదాగా నలుగురితో ఆడుతూ మధ్యలో విరామం తీసుకున్నాడు. ఎలా ఉందని అడిగితే బ్రహ్మాండంగా ఉందన్నాడు, అంతలోనే కూలిపోయాడు. వయసు నలభై. పోస్ట్‌మార్టంలో తేలిందేమంటే, గుండెకి ఎడమవైపు ఉండాల్సిన కరోనరీ ధమని పుట్టుకతోనే లేదు. కుడివైపుది ఒక్కటే మొత్తం గుండెకి రక్తం పంపుతోంది. అలాంటివాళ్లు ఇరవై దాటడమే అరుదు. ఈయన ఆ గుండెతోనే కాలేజీలో మూడేళ్లు, తర్వాత ఎన్‌బీఏలో పదేళ్లు పరిగెత్తాడు. ఏ డాక్టరూ పట్టుకోలేదు.

హూప్స్_హర్ష
...ఇది నిజంగా తెలియదు మాస్టారూ.

బేటన్‌రూజ్_కిరణ్
హర్షా, డిఫెన్స్ ఎవడు ఆడాడు అన్నావు కదా. పాత నలుపు-తెలుపు ఫుటేజీ వెతికి చూడు, వదులు సాక్సులు, ఊగే జుట్టు. ఇద్దరు ముగ్గురు మీద పడుతుంటే వీపు వెనకనుంచి పాస్ ఇస్తాడు. ఆ పాసులు పట్టుకోలేక సొంత టీంవాళ్లే మొహం మీద కొట్టించుకునేవాళ్లు. అసిస్టుల (పాయింటు తెచ్చిపెట్టిన పాసుల) లెక్క ఆ రోజుల్లో సరిగా రాయలేదు, రాసుంటే శ్రీను అన్న లైసెన్స్ థియరీ కొంచెం బలహీనపడేది.

కరీంనగర్_శ్రీను
రాయలే గదా, గందుకే నా థియరీకి ఢోకా లేదు.

లెక్కలరాజు
1970 మార్చిలో ఎన్ఐటీ (నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంట్, ఎన్‌సీఏఏ టోర్నీ కాదు, వేరేది) ఆడటానికి న్యూయార్క్ వెళ్లారు, అదొక్కటే ఆయన కాలేజీలో చూసిన పెద్ద వేదిక. సెమీస్‌లో మార్క్వెట్ యూనివర్సిటీ టీం చితక్కొట్టింది. మూడో స్థానం కోసం ఆడిన ఆఖరి మ్యాచ్‌లో ఆయన దిగనే లేదు. టీం ఆ ఏడాది 32 మ్యాచ్‌లు ఆడితే ఆయన లెక్కలో 31 ఉన్నది అందుకే. అది కూడా ఆడుంటే డేవిస్‌కి మూడు కాదు, ముప్పై పైనే తక్కువయ్యేది.

సుధ_డెమోయిన్
రాజు గారూ, ఆ ముప్పై కలిపినా పెర్ల్ మూర్ పైనే ఉంటుంది. 2021లో ఆమెని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, నలభై రెండేళ్ల తర్వాత. ఆమె మీద వేరే థ్రెడ్ మొదలుపెడుతున్నా. ఆ కాలం వీడియో ఎవరి దగ్గరైనా ఉంటే అక్కడ పెట్టండి, నాకు రెండు ఫోటోలు తప్ప ఏమీ దొరకలేదు.

గుంటూరు_గోపి
వస్తున్నా అక్కా. కిరణ్ అన్నా, పులి ఫోటో మర్చిపోకు.